కత్తి పడని పేజీలు

మేడం జవాబు పత్రాలు పంచేటప్పుడు మార్కులు పైకి చదవరు. పత్రాన్ని బోర్లించి బల్ల మీద పెట్టి ముందుకు వెళ్లిపోతారు. ఆ సోమవారం మాత్రం, అందరూ రేడియో అని పిలిచే అమ్మాయి బల్ల దగ్గర ఆగారు. పత్రాన్ని బోర్లించలేదు.

"లేచి నాలుగో జవాబు చదువు," అన్నారు.

ఆ తరగతిలో ఉన్నది ఏడుగురు. పంతొమ్మిదో శతాబ్దపు పోర్చుగీసు సాహిత్యం అనే పేపరుకి అంతకంటే ఎక్కువమంది ఎప్పుడూ దొరకరు. వాళ్లలో రేడియో ఒక్కతే అరవైమంది పెట్టు. ఆమె నోరు మూతపడగా చూసినవాళ్లు లేరు కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. ఆమె లేచి గొంతు సవరించుకుని నిజంగానే వార్తలు చదువుతున్నట్టు చదివింది.

"నవల చివర కథానాయిక చనిపోదు. కొన్నాళ్లకు దగ్గు తగ్గి లేచి కూర్చుంటుంది. ప్రియుడి ఉత్తరాలు పొయ్యిలో పడేస్తుంది. తర్వాత ఒక చిన్న కొట్టు పెట్టుకుని..."

"చాలు. ఇదెక్కడ చదివావు?"

"నవల్లోనే మేడం."

"నవల్లో!" మేడం కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు. "క్షయతో నది ఒడ్డున కన్నుమూసిన పిల్ల చేత కొట్టు పెట్టించావా? ఇంకా నయం, పెళ్లి చేసి పంపలేదు."

అందరూ నవ్వారు. రేడియో కూడా నవ్వింది. కానీ పక్క బల్ల మీద కూర్చున్న చిట్టికి ఆమె ఎడమచెయ్యి కనిపిస్తోంది. ఆ చేతివేళ్లు పత్రం మూలని సన్నగా మడుస్తున్నాయి, విప్పుతున్నాయి, మళ్లీ మడుస్తున్నాయి.

"తెలియకపోతే ఖాళీ వదిలెయ్యండి, కోపం రాదు నాకు," అన్నారు మేడం అందరితో. "అల్లి రాస్తే మాత్రం సున్నా."

రేడియోకి ఇరవైకి ఆరు వచ్చాయి. గట్టెక్కాలంటే ఎనిమిది కావాలి. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండింటికి తప్పినవాళ్ల జాబితా ఆఫీసుకు వెళుతుంది. అందులో పేరుంటే ఫైనల్ పరీక్ష రాయనివ్వరు, ఏడాదంతా మళ్లీ చదవాలి.

చిట్టికి పద్దెనిమిది వచ్చాయి. నాలుగో జవాబుకి అయిదుకి అయిదు. కథానాయిక ఎలా చనిపోయిందో నోట్సులో ఉన్నది ఉన్నట్టు రాసింది. ఎప్పుడైనా మార్కులు చూసుకుంటే ఆమెకు లోపల చిన్నగా వెలిగినట్టు ఉంటుంది. ఈసారి వెలగలేదు. రేడియో వేళ్లే కళ్ల ముందు ఉన్నాయి.

మధ్యాహ్నం ఖాళీ పీరియడులో నోట్సు తీసి చూసుకుంది. ఆ నోట్సు మేడం రాసింది కాదు. మేడానికి చదువు చెప్పిన పెద్ద మాస్టారు ఎప్పుడో టైపు చేయించింది. ఆయన పోయాక దాన్నే ఏటేటా జిరాక్సు తీసి పంచుతున్నారు. ప్రతి సంఘటన పక్కన పేజీ నంబరు ఉంటుంది. పిండిమిల్లు యజమాని కూతురు ప్రభువుగారి అబ్బాయిని మొదటిసారి చూడటం: 12. తొలి ఉత్తరం: 47. పడవలో వీడ్కోలు: 131. పున్నమి వెన్నెల్లో దగ్గుతెర, రుమాలు మీద రక్తం, సొమ్మసిల్లడం: 158. ఆ తర్వాతి వరుస: నది ఒడ్డున మరణం. దాని పక్కన నంబరు లేదు.

చిట్టి వేలుపెట్టి రెండుసార్లు చూసింది. మాస్టారు ఉత్తరాలకీ పడవకీ కూడా నంబరు వేశారు. చావుకి ఎందుకు వెయ్యలేదు?

లైబ్రరీ కింద నేలమాళిగలో చిట్టి మామయ్య బైండింగు గది ఉంది. అమ్మకి తమ్ముడు. చదువుకోసం పల్లెనుంచి వచ్చిన దగ్గర్నుంచి చిట్టి ఆయన ఇంట్లోనే ఉంటోంది. కాలేజీ అయ్యాక ఆ గదిలో మూల స్టూలు మీద కూర్చుని చదువుకుంటుంది, ఆయన పని ముగించాక ఇద్దరూ కలిసి ఇంటికి వెళతారు. గదినిండా మైదా జిగురు వాసన. అట్టలు కోసే పెద్ద కత్తెర, దారపు ఉండలు, బరువుకి పెట్టే ఇనుప దిమ్మలు. కాగితం దుమ్ము ఆయన కనుబొమల మీద కూడా ఉంటుంది. మాట్లాడే ముందు ఒకసారి దగ్గడం ఆయనకి అలవాటు.

"ఇదిగో చిట్టీ, మీ పోర్చుగీసు పుస్తకం," అన్నాడు దగ్గి. "జిరాక్సు మిషను మీద నొక్కి నొక్కి దీని నడ్డి విరగ్గొట్టారు. పాపం, సగమే నొక్కారనుకో. మిగతా సగం కొత్త చొక్కాలా ఉంది, మడత కూడా విప్పలేదు."

చిట్టి స్టూలు మీదినుంచి లేచింది. మేడం గదిలో తాళం వేసిన బీరువాలో ఉండే పుస్తకం అది. విద్యార్థులెవరూ దాన్ని చూసి ఎరగరు. వాళ్లకి అందేది మొదటి ఎనిమిది అధ్యాయాల జిరాక్సు, ఆపైన నోట్సు.

"మడత విప్పకపోవడం ఏమిటి మామయ్యా?"

ఆయన పుస్తకాన్ని బల్ల మీద నిలబెట్టి చూపించాడు. "ఒక్కో పెద్ద కాగితం మీద పదహారు పేజీలు అచ్చేసి మడుస్తారు. దాన్ని ఫారం అంటాం. ఇప్పుడైతే అంచులు మిషనే కోసేస్తుంది. వెనకటికి కొయ్యకుండానే అమ్మేవాళ్లు. కొన్నవాడు చదువుకుంటూ చాకుతో మడతలు కోసుకోవాలి. ఎక్కడిదాకా కోశాడో అక్కడిదాకా చదివాడన్నమాట. పుస్తకం కడుపులో మాట దాచుకోదు."

నూట అరవై వరకు పేజీల అంచులు పీచుపీచుగా ఉన్నాయి. అక్కడినుంచి చివరిదాకా కొన్ని పేజీలు పైన, కొన్ని పక్కన ఒకదానికొకటి అతుక్కునే ఉన్నాయి. అట్ట లోపల పెద్ద మాస్టారి సంతకం, పుస్తకం కొన్న సంవత్సరం.

"అయితే తర్వాత ఏముందో ఎవరూ..." అని ఆగిపోయింది చిట్టి.

"నాకేం తెలుసు తల్లీ. నేను వెన్ను చూస్తాను, కథ చూడను."

"కొయ్యి మామయ్యా. ఒక్క ఫారం."

"అమ్మో!" అన్నాడు చేతిలో సూది పక్కన పెట్టేసి. "సూది పెడతాను, జిగురు పెడతాను. కత్తి పెట్టాలంటే పైనుంచి సంతకంతో చీటీ రావాలి. ఒక్కసారి చీటీ లేకుండా ఒక పాత రిజిస్టరు అంచు చెక్కాను. ఎవరో పెద్దమనిషి అంచుల్లో రాసుకున్నవన్నీ చెత్తబుట్టలోకి పోయాయి. ఇరవై ఏళ్లయింది, ఇప్పటికీ నన్ను చూస్తే ఆ రిజిస్టరే గుర్తొస్తుంది ఆఫీసువాళ్లకి."

చిట్టి అలగదు, బతిమాలదు. ఊరికే నిలబడి చూస్తుంది. ఆ చూపుకి మామయ్య ఎప్పుడూ ఓడిపోతాడు.

"కొయ్యకుండా చూడటానికి ఎవడి సంతకమూ అక్కర్లేదులే," అని గొణిగి, తెల్లటి అట్టముక్క ఒకటి నాలుగు వేళ్ల వెడల్పున కత్తిరించాడు. పైన మూసుకున్న మడతలోకి దాన్ని కిందినుంచి జొనిపాడు. కాగితం చిన్న సొరంగంలా ఉబ్బింది. లైటు వెలుగు అట్టముక్క మీద పడి లోపలి పేజీ మీదికి తిరిగింది. "ఇప్పుడు తల వంచి చూడు. ఏదైనా పేజీ వంకర పడితే పక్కకి తిప్పు. లాగావంటే మాత్రం ఊరుకోను."

సొరంగంలో అక్షరాలు వరసగా నిలబడి ఉన్నాయి, ఎవరో వచ్చి చూస్తారని ఇన్నేళ్లూ కాచుకున్నట్టు.

చిట్టి పోర్చుగీసు నెమ్మదిగా చదువుతుంది. పక్కన నిఘంటువు, ఒడిలో నోటుపుస్తకం. ఒక కన్ను మూసుకుని నాలుగు మాటలు చదవడం, తల ఎత్తి రాసుకోవడం, మళ్లీ వంగడం. గంటకి రెండు పేజీలు. సోమవారం సాయంత్రానికి తెలిసింది ఒక్కటే: నూట అరవై ఒకటో పేజీలో కథానాయిక బతికే ఉంది. గదిలోకి వైద్యుడు వచ్చాడు.

మంగళవారం ఆ వైద్యుడు ఆమెను వింత ప్రశ్నలు అడిగాడు. ప్రియుడి గురించి కాదు, కలల గురించి కాదు. మీ నాన్న మిల్లులో కిటికీలెన్ని? రోజుకి ఎన్ని గంటలు ఉంటావు? బస్తాలు దులిపేది ఎవరు? ఆమె చెబుతూ ఉంటే ఆయన కిటికీ గట్టు మీద వేలు రాసి వెలుతురులో పెట్టి చూశాడు. వేలు తెల్లగా ఉంది. నీకు క్షయ లేదమ్మా, ఊపిరిలో పిండి ఉంది, అన్నాడు. దగ్గి దగ్గి గొంతులో నరం చిట్లి రక్తం పడింది, అంతే.

చిట్టి తల ఎత్తింది. మెడ పట్టేసింది. మేడం బోర్డు మీద ఎప్పుడూ నిలువుగా ఒక గీత గీస్తారు. గీతకి ఇవతల రొమాంటిసిజం: వెన్నెల, సమాధి, మాటకి కట్టుబడి ఎండిపోయే హృదయం. అవతల నేచురలిజం: మనిషి ఏం తింటాడు, ఏ గాలి పీలుస్తాడు, ఏ పని చేసి ఎలా పాడవుతాడు. ఈ నవలని మేడం ఇవతల రాస్తారు, చిట్టచివరి రొమాంటిక్ నవల అని. కానీ ఈ సొరంగంలో వెన్నెల లేదు. బస్తాల లెక్క ఉంది, మెట్ల లెక్క ఉంది, కిటికీకి కొట్టిన మేకులు కూడా ఉన్నాయి. వారం వారం పత్రికలో ఏళ్ల తరబడి వచ్చిన నవల ఇది. మధ్యలో ఎక్కడో రచయిత కళ్లజోడు మార్చుకుని గీత దాటేశాడు. దాటిన చోటే మాస్టారి చాకు ఆగింది.

"ఏమంటున్నాడు నీ వైద్యుడు?" అన్నాడు మామయ్య దారానికి మైనం రాస్తూ.

చిట్టి చెప్పింది. ఆయన నవ్వబోయి దగ్గాడు.

"నాకూ ఇదే చెప్పాడు మన డాక్టరు. కిటికీ తెరుచుకుని పనిచెయ్యవయ్యా అని. నేలమాళిగకి కిటికీ ఎక్కడ తెచ్చేది?"

బుధవారం రాసుకున్నది ఇంకా ఎక్కువ. ఆ అమ్మాయి మిల్లు వదిలి పట్నం వచ్చింది. కొవ్వొత్తులూ సబ్బులూ అమ్మే కొట్టులో పనికి కుదిరింది. కొట్టు యజమానురాలు ముసలిది, ముక్కోపి. ఆమె మంచం పట్టాక కొట్టు ఈమె చేతికే వచ్చింది. చివరి ఫారం మాత్రం పైనా పక్కనా కూడా మూసుకుని బిగుసుకుపోయింది, అట్టముక్క దూరలేదు. అందులో ఏముందో తెలియదు. అయినా నది ఒడ్డున చనిపోలేదని మాత్రం ఖాయం. కొట్టు కూడా ఉంది!

రేడియో చెప్పింది నిజం. ఎవరికీ దొరకని పుస్తకాన్ని ఎలాగో సంపాదించి చదివింది. చదివినందుకు ఏడాది పోగొట్టుకుంటోంది.

గురువారం మెట్ల దగ్గర రేడియోని పట్టుకుంది. అంతకుముందు తనంతట తాను రేడియోని ఎప్పుడూ పలకరించలేదు.

"అబ్బో, మూగనోము ముగిసిందా?" అంది రేడియో. క్లాసులో చిట్టికి ఉన్న పేరు అదే.

చిట్టి నోటుపుస్తకం తెరిచి చూపించి, గబగబా, మధ్యలో రెండుసార్లు ఊపిరి అందక ఆగి, అంతా చెప్పింది. రేడియో నోరు తెరుచుకుని విన్నది. తర్వాత మెట్టు మీద కూలబడి కడుపు పట్టుకుని నవ్వింది.

"నిజంగా కొట్టు పెట్టిందా? ఒట్టు?"

"నువ్వు చదివావు కదా?"

"చదవడమా! మా పెద్దమ్మకి ఒకసారి దగ్గొచ్చి తగ్గింది, తగ్గాక కొట్టు పెట్టింది. టైము పది నిమిషాలే ఉంది, అదే రాసిపారేశాను. ఆ జిరాక్సు మొదటి పేజీ కూడా దాటలేదు నేను. ఓయమ్మో, పెద్దమ్మకి చెప్పాలి, నువ్వు పోర్చుగీసులో ఉన్నావని!"

చిట్టి నోటుపుస్తకం మూసేసింది. మూడు రోజులు మెడ వంచింది దీనికోసమా?

"అయితే నువ్వు రాసింది అబద్ధమే," అంది.

రేడియో నవ్వు ఆపింది. "అబద్ధమే. మరి నువ్వు రాసింది?"

"నేను నోట్సు చూసి..."

"ఆమె చచ్చిపోయిందని చదివి రాశావా? చదవకుండా నేనూ రాశాను, చదవకుండా నువ్వూ రాశావు. నీది అందంగా ఉంది, పద్దెనిమిది. నాది అందంగా లేదు, ఆరు."

చిట్టి మూసిన నోటుపుస్తకాన్ని సంచిలో పెట్టేసుకుంది.

రేడియో గోడ వైపు చూస్తూ, ఆమె నోట ఎప్పుడూ విననంత చిన్న గొంతుతో అంది. "ఏడాది పోయిందంటే ఇంట్లో ఇంక చాలంటారు. మా అక్క కుట్టుమిషను పక్కన ఇంకో మిషను వేసి నన్ను కూర్చోబెడతారు. ముందే చెప్పారు. నువ్వు మేడానికి చెప్పవూ?"

"నేనా? నువ్వే చెప్పు."

"నేను చెబితే ఎవరు నమ్ముతారే? రేడియో వాగుడు అంటారు. నువ్వు నెలకొకసారి నోరు తెరుస్తావు. నీ మాటకి విలువుంటుంది."

సాయంత్రం చిట్టి మామయ్యని ఏమీ అడగలేదు. ఆయన కొత్త వెన్నుకి గుడ్డ అంటించి, వేలికొసలతో మెల్లగా నొక్కి, పైన దిమ్మ పెట్టాడు.

"రేపు పదకొండింటికి దీన్ని పైన మేడానికి అప్పజెప్పాలి," అన్నాడు దిమ్మతో చెబుతున్నట్టు. "వెనకాల ఎవరైనా వస్తే నేను వద్దనను."

శుక్రవారం పదకొండుంపావుకి వాళ్లు మేడం గదిలో ఉన్నారు. బల్ల మీద ఆఫీసుకి వెళ్లాల్సిన కాగితం, దాని మీద ఒకే ఒక పేరు. సంతకం ఇంకా పెట్టలేదు. మేడం పుస్తకం అందుకుని వెన్ను మీద చెయ్యి వేసి, "బాగా కుదిరిందయ్యా," అన్నారు. మామయ్య వెళ్లలేదు. అప్పుడు ఆయన వెనక ఉన్న చిట్టిని చూశారు.

"ఏమ్మా?"

దారంతా అనుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. మిగిలింది మొదటిరోజు పుట్టిన ప్రశ్న ఒక్కటే.

"మేడం, ఆమె చనిపోయేది... ఎన్నో పేజీలో?"

"నోట్సులో ఉంటుంది చూడు."

"లేదు మేడం."

మేడం సొరుగులోంచి తన నోట్సు తీశారు. అంచులు నలిగిపోయిన పాత టైపు కాగితాలు. వేలు వరసల మీదుగా దిగింది: 131, 158. తర్వాత వేలు ఆగింది. "నూట అరవై తర్వాతే ఉంటుంది," అని పుస్తకం తెరిచారు. పేజీ తిప్పబోయారు. తిరగలేదు. ఇంకో చోట తెరిచారు. బొటనవేలు మడతలో తగిలి నిలిచిపోయింది.

"అవి కొయ్యలేదండి," అన్నాడు మామయ్య నేల చూస్తూ. "నాకు చీటీ లేదు కాబట్టి నేనూ ముట్టుకోలేదు."

మేడం కోసిన పేజీల పీచు అంచుల మీద వేలు నడిపించారు. అక్కడినుంచి కొయ్యని మడతల మీదికి వచ్చారు. మళ్లీ వెనక్కి వెళ్లారు. చిట్టి తెల్లటి అట్టముక్క బయటికి తీసి, మాట్లాడకుండా, మామయ్య చూపించినట్టు మడతలోకి జొనిపి పుస్తకాన్ని కిటికీ వెలుతురు వైపు తిప్పింది. మేడం కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి వంగారు. పెదవులు కదులుతున్నాయి. చాలాసేపటికి, "పిండి," అన్నారు.

"అవునండి, పిండేనట," అన్నాడు మామయ్య. "మరి చనిపోయిందని ఎందుకు రాశారండీ?"

"దగ్గొచ్చి, రక్తం పడి, వెన్నెల్లో సొమ్మసిల్లాక ఆ కాలపు నవలల్లో ఎవరు బతికారు గనక? మాస్టారు అక్కడిదాకా చదివి మిగతాది తెలిసిపోయిందనుకుని ఉంటారు." మేడం తల ఎత్తలేదు. "ఆయన ఒక్కసారే చంపారు. నేను పంతొమ్మిదేళ్లుగా ఏటా చంపుతున్నాను."

"మేడం," అంది గుమ్మంలోంచి రేడియో. ఎప్పటినుంచి వింటోందో. లోపలికి వచ్చి చిట్టి పక్కన నిలబడింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకుంది. ఇప్పుడు నోరు మూసుకుంటే చాలు, మార్కులు వస్తాయి.

"నేను ఈ పుస్తకం చదవలేదు మేడం. మా పెద్దమ్మ కథ రాశాను. ఏదో కుదిరింది."

మేడం కళ్లజోడు కిందికి దించుకుని ఆమెను చూశారు. కొత్త మనిషిని చూసినట్టు, తలనుంచి కాళ్లదాకా చూశారు.

"నేనూ చదవలేదు," అన్నారు.

మేడం జాబితా దగ్గరికి లాక్కుని, ఆ ఒక్క పేరు మీద అడ్డంగా గీత గీసి, పక్కన పరీక్ష రద్దయిందని రాసి సంతకం చేశారు.

"వచ్చే శుక్రవారం మళ్లీ పరీక్ష. ఏడుగురికీ. నీ పద్దెనిమిదీ పోతాయి చిట్టితల్లీ, తెలుసా?"

"తెలుసు మేడం," అంది చిట్టి. ఆ పద్దెనిమిది గురించి ఇంటికి ఉత్తరం కూడా రాసేసింది.

"ఈసారి చదవకుండా వచ్చావో," అన్నారు మేడం రేడియోతో, "మీ పెద్దమ్మని పిలిపిస్తాను."

"ఆవిడ వస్తే మీకే కష్టం మేడం. నాకంటే ఎక్కువ మాట్లాడుతుంది."

మేడానికి నవ్వొచ్చింది. దాన్ని దాచుకోవడానికి ఇంకో కాగితం తీసి చీటీ రాయడం మొదలుపెట్టారు. పన్నెండింటికి అటెండరు వచ్చి జాబితా అందుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, "ఎవరూ లేరాండీ?" అన్నాడు. లేరన్నారు. అతను వెళ్లిపోయాడు.

మామయ్య చీటీ మీద సంతకం చూసుకుని, మడిచి జేబులో పెట్టుకుని, సంచిలోంచి చాకు తీశాడు. మొద్దుబారిన చాకు. దాన్ని మేడానికి ఇచ్చాడు.

"పదునుదైతే పక్కకి పోతుందండి. మడతలో పడుకోబెట్టి ముందుకి తొయ్యండి. లాగొద్దు. ఆఁ, అలా."

మొదటి మడత చిన్న చప్పుడుతో విడిపోయింది. సన్నటి కాగితపు పొడి బల్ల మీద పడింది. రేడియో కుర్చీ లాక్కుని మోచేతులు బల్ల మీద ఆనించి, ముఖం పుస్తకం దగ్గర పెట్టింది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా కళ్లు తిప్పలేదు.

"నువ్వు చదువు," అన్నారు మేడం చిట్టితో. "నూట అరవై ఒకటి నుంచి."

చిట్టి పుస్తకాన్ని రెండు చేతులతో పట్టుకుంది. మొదటి వాక్యం ఆమెకే వినపడనంత మెల్లగా వచ్చింది. రెండోది కాస్త గట్టిగా. వైద్యుడు లోపలికి వచ్చాడు, టోపీ తీశాడు, కిటికీ వైపు నడిచాడు.

మేడం చెయ్యి ఎత్తారు. కొత్త నోటుపుస్తకం తెరిచి, తేదీ వేసి, కలం మూత తీశారు.

"ఆగమ్మా, కొంచెం నెమ్మదిగా," అన్నారు. "రాసుకోనీ."